ఫొటో నిండా తెల్లటి చుక్కలే: రాత్రి రేసు, దుమ్ము, ఫ్లాష్

ప్రశ్న: పగటిపూట కార్ రేసులు, బైక్ రేసులు తీయడం నాకు కొంత అలవాటే. ఈమధ్య మొదటిసారి రాత్రి జరిగే మట్టి ట్రాక్ రేసుకి వెళ్లాను. 70-300 జూమ్ లెన్స్, కెమెరా మీద ఫ్లాష్ పెట్టుకుని తీశాను. ఇంటికొచ్చి చూస్తే ఫొటోల నిండా తెల్లటి గుండ్రటి చుక్కలు, వాటి వెనకాల ఎక్కడో మసగ్గా కారు. ఫ్లాష్ ఆపేసి తీసినవాటిలో రెండు హెడ్‌లైట్లు తప్ప అంతా నలుపే. ఫోకస్ కారు మీద నిలవకుండా ముందుకీ వెనక్కీ కొట్టుకుంది. పైగా ఇప్పుడు జూమ్ రింగు తిప్పుతుంటే కరకరమంటోంది, ఫిల్టర్ మీద సన్నటి గీతలు పడ్డాయి. ఎక్కువ వెలుగు తీసుకునే ఎఫ్ 2.8 లెన్స్ కొంటే ఈ సమస్యలు తీరతాయా, లేక కెమెరాయే మార్చాలా? త్వరలోనే ఇంకో రాత్రి రేసుంది. టెన్షన్‌గా ఉంది. — ఒక పాఠకుడు

సమాధానం: ముందు కొనుగోళ్ల సంగతి తేల్చేద్దాం. ఇప్పటికి లెన్స్ కొనొద్దు, కెమెరా మార్చొద్దు. ఆ తెల్లటి చుక్కలు వచ్చింది మీ ఫ్లాష్ ఉన్న చోటు వల్ల. దాన్ని కెమెరా మీంచి దించి పక్కకి, వీలైతే కారుకి వెనక వైపు నుంచి వెలిగేలా పెట్టారంటే మిమ్మల్ని ఇంత ఇబ్బంది పెట్టిన ఆ దుమ్మే ఫొటోకి అందం తెస్తుంది. నాకైతే దుమ్ము కనిపించని రాత్రి రేసు ఫొటో చప్పగా అనిపిస్తుంది. దాని మీద వెలుగు ఎటు నుంచి పడాలో మనం ముందే అనుకుని నిలబడితే సగం పని అయిపోయినట్టే.

చుక్కలు ఎలా వస్తాయో చూడండి. ఫ్లాష్ వెలుగు దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా పలచబడుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. కారు మీకు 10 మీటర్ల దూరంలో ఉంది, లెన్స్‌కి 1 మీటరు ముందు ఒక దుమ్ము రేణువు తేలుతోంది అనుకోండి. ఫ్లాష్ వెలిగినప్పుడు కారు మీద కన్నా ఆ రేణువు మీద 100 రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది. కంటికి ఆననంత చిన్నదైనా ఫొటోలో అది వెలిగిపోతుంది. ఫోకస్ దూరంగా కారు దగ్గర ఉంది కాబట్టి రేణువు మసకబారి, గుండ్రటి బిళ్లలా పరుచుకుంటుంది. ఇదే పద్ధతిలో ఎఫ్ 2.8 లెన్స్‌తో తీస్తే ఆ బిళ్లలు ఇంకా పెద్దవవుతాయి. అందుకే లెన్స్ కొనొద్దన్నాను.

నా మాట నమ్మే ముందు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. గదిలో లైట్లన్నీ ఆపేసి, గోడకి ఒక నల్లటి గుడ్డ కట్టండి. దాని ముందు కుర్చీలో హెల్మెట్టో, బొమ్మ కారో పెట్టండి. మీ వాళ్లలో ఒకరిని మీకూ కుర్చీకీ మధ్య ముఖానికి రాసుకునే పౌడర్ కొంచెం గాల్లోకి చల్లమనండి. కెమెరా మాత్రం దూరంగా, కవర్లో ఉంచండి. మొదట టార్చి మీ కణత దగ్గర పెట్టుకుని ముందుకి వేయండి. కళ్లముందు తెల్లటి తెర లేస్తుంది, హెల్మెట్ దాని వెనక మాసిపోతుంది. ఇప్పుడు అదే టార్చిని కుర్చీకి పక్కగా పట్టుకుని, వెలుగు హెల్మెట్ మీద మాత్రమే పడేలా వేయండి. మీ దగ్గరున్న పౌడర్ మాయమవుతుంది, హెల్మెట్ ఒక పక్క స్పష్టంగా కనిపిస్తుంది. చివరగా టార్చిని కుర్చీ వెనక దాచి కొంచెం మీ వైపు తిప్పండి. హెల్మెట్ అంచు చుట్టూ సన్నటి వెలుగు గీత, దాని వెనక బంగారు పొగలాంటి మేఘం. మీరు తీయాలనుకుంటున్న ఫొటో అదే.

దుమ్ము రేణువులు తమ మీద పడ్డ వెలుగులో ఎక్కువ భాగాన్ని అది వెళ్తున్న దిశలోనే ముందుకి చెదరగొడతాయి. అందుకే ఎదురుగా వచ్చే వెలుగులో దుమ్ము అంతగా మెరుస్తుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిందల్లా మెరిసే దుమ్ము కారు వెనకా పక్కనా ఉండాలి, మీ లెన్స్ ముందున్న దుమ్ము చీకట్లో ఉండాలి. ఎక్కడ నిలబడాలి, ఫ్లాష్ ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నలన్నిటికీ దీన్నిబట్టే జవాబు దొరుకుతుంది.

ఫ్లాష్ సంగతి వివరంగా చెప్తాను. మీరు వెళ్లే రేసులో ఫ్లాష్‌కి అనుమతి ఉందో లేదో ముందు నిర్వాహకుల్ని అడగండి. కొన్ని పోటీల్లో ఫ్లాష్ పూర్తిగా నిషేధం, కొన్నిచోట్ల ఫలానా మలుపుల్లో వద్దంటారు. అనుమతి ఉన్నా డ్రైవర్ కళ్లలోకి కొట్టే ఫ్లాష్ పెట్టొద్దు. చీకటికి అలవాటు పడిన కళ్లకి ఆ మెరుపు తగిలితే ముందున్న గుంత కనిపించదు. ఫ్లాష్‌ని కారు దాటి వెళ్లిపోయాక వెనక పక్క నుంచి వెలిగేలా పెట్టడం మేలు. డ్రైవర్ చూపు అవతలి వైపుంటుంది, వెలుగు నేరుగా టైర్ల వెనక లేచే దుమ్ములోంచి వస్తుంది. డ్రైవర్‌కి క్షేమం, మీకు ఫొటో. అద్దాల్లో మెరుపు పడకుండా మాత్రం కొంచెం ఎత్తులో, పక్కకి జరిపి పెట్టండి.

ఫ్లాష్ పెట్టే స్టాండ్ 2 మీటర్ల ఎత్తుకి తగ్గకుండా ఉంటే మంచిది. కింద పెడితే మొదటి కారు లేపిన మట్టిపెళ్లలతోనే దాని పని అయిపోతుంది. స్టాండ్ కాళ్ల మీద ఇసుక సంచి వేయాలి. అదుపు తప్పిన కారు వచ్చే దారిలో, అంటే మలుపుకి బయటి అంచున, స్టాండ్ ఎప్పుడూ ఉండకూడదు. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ట్రాక్ ఖాళీగా ఉందని మార్షల్ (ట్రాక్ దగ్గర భద్రత చూసే అధికారి) చెప్పాకే కదలండి.

ఫ్లాష్ తలకాయలో ఉండే జూమ్‌ని 105 మీదో, ఇంకా ఎక్కువ ఉంటే దాని మీదో పెట్టండి. వెలుగు సన్నటి కట్టగా మారి మీరు కోరుకున్న చోటే పడుతుంది. కెమెరా వైపు చిందే వెలుగుని ఆపడానికి ఫ్లాష్ పక్కన ఒక నల్లటి అట్టముక్క టేపుతో అంటిస్తే చాలు. కెమెరానీ ఫ్లాష్‌నీ కలిపే ట్రిగర్ రేడియోది అయి ఉండాలి. వెలుగు చూసి వెలిగే రకం దుమ్ములో మొరాయిస్తుంది. పైగా పక్కవాళ్ల ఫ్లాష్‌కి కూడా వెలిగిపోతుంది.

పవర్ ఎంత? చాలామంది ఫుల్ పవర్ పెడతారు, అది అనవసరం. ఫ్లాష్‌కీ కారుకీ మధ్య దూరమే లెక్కలోకి వస్తుంది, మీరెంత దూరంలో ఉన్నారన్నది రాదు. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) 100 దగ్గర గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 40 ఉన్న మామూలు ఫ్లాష్ తీసుకుందాం. 1/16 పవర్‌కి దించితే గైడ్ నంబర్ 10 అవుతుంది. ఐఎస్ఓ 1600 పెడితే మళ్లీ నాలుగు రెట్లయి 40కి వస్తుంది. దాన్ని అపర్చర్‌తో, అంటే లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ అంకెతో, భాగిస్తే దూరం తెలుస్తుంది: ఎఫ్ 5.6 దగ్గర సుమారు 7 మీటర్లు. ట్రాక్ అంచు పక్కన పెట్టిన ఫ్లాష్‌కి అది సరిపోతుంది. మీరు 25 మీటర్ల అవతల నిలబడి 200 దగ్గర జూమ్ చేసి తీసుకోవచ్చు. తక్కువ పవర్‌తో ఇంకో రెండు లాభాలున్నాయి. ఫ్లాష్ వెంటనే మళ్లీ సిద్ధమవుతుంది కాబట్టి ఒకదాని వెనక ఒకటి వచ్చే కార్లని వదులుకోనక్కర్లేదు. మామూలు స్పీడ్‌లైట్లలో (కెమెరా మీద పెట్టే రకం చిన్న ఫ్లాష్‌లలో) మెరుపు నిడివి కూడా బాగా తగ్గిపోతుంది. ఫుల్ పవర్‌లో ఆ మెరుపు సెకనులో 1/200 నుంచి 1/300 వంతు ఉంటే, 1/16 దగ్గర సెకనుని కొన్ని వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కకి దిగుతుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. 1/250 సెకనులో 11 సెంటీమీటర్లు జరుగుతుంది. షట్టర్ ఒక్కటే దాన్ని ఆపలేదు. చీకట్లో కారుని నిలబెట్టేది ఆ చిన్న మెరుపే.

అందుకే షట్టర్‌ని మీ కెమెరా సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం) దగ్గర, అంటే చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దగ్గర ఉంచితే సరిపోతుంది. అంతకన్నా వేగమైన షట్టర్‌తో ఫ్లాష్ వెలిగించే హై స్పీడ్ సింక్ వాడొద్దు, ఫ్లాష్ బలం చాలావరకు అందులోనే కరిగిపోతుంది. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ కూడా ఆపేయండి. చాలా కెమెరాల్లో దానితో ఫ్లాష్ వెలగదు. ఒకవేళ వెలిగినా దానికి సింక్ స్పీడ్ తక్కువే ఉంటుంది. 2023లో ప్రకటించిన సోనీ ఏ9 త్రీ లాంటి గ్లోబల్ షట్టర్ (ఫ్రేమంతా ఒకేసారి చదివే) కెమెరాకి ఈ ఇబ్బంది లేదు గానీ, దానికోసం ఇప్పుడు పరుగెత్తాల్సిన పనిలేదు.

స్టాండ్ పెట్టనివ్వకపోతే ఒక స్నేహితుణ్ణి తోడు తీసుకెళ్లండి. ప్రేక్షకుల కంచె వెనకే, మీకు నాలుగైదు మీటర్ల పక్కన నిలబడి ఫ్లాష్‌ని తలపైకి ఎత్తి పట్టుకుంటే చాలు. అంత మాత్రం దూరానికే మీ లెన్స్ ముందున్న దుమ్ము చీకట్లోకి వెళ్లిపోతుంది. అదీ కుదరకపోతే ఫ్లాష్ బ్యాగులో పెట్టేసి అక్కడున్న వెలుగుతోనే తీయండి. కెమెరా మీద పెట్టి కొట్టడం కన్నా అదే నయం.

అక్కడున్న వెలుగు రేసుని బట్టి మారుతుంది. అమెరికాలోని నాక్స్‌విల్, ఎల్డోరా లాంటి అర మైలు మట్టి ఓవల్ ట్రాకుల్లో రాత్రి రేసు ఫ్లడ్‌లైట్ల కింద జరుగుతుంది. అలాంటి చోట లైటు స్తంభాలు ఎక్కడున్నాయో వెలుతురుండగానే తిరిగి చూసుకోండి. స్తంభం మీ వెనక ఉంటే దుమ్ము తెల్లగా, చదునుగా కనిపిస్తుంది. అదే స్తంభం కార్లకి అవతల ఉంటే పైకి లేచే ప్రతి మట్టి తెర అంచూ వెలుగుతుంది. 1967లో మొదలైన బాహా 1000 లాంటి ఎడారి రేసులో స్తంభాలే ఉండవు, బండి పైకప్పు మీదుండే లైట్ల వరసే సూర్యుడు. కాలిఫోర్నియాలోని జాన్సన్ వ్యాలీలో జరిగే కింగ్ ఆఫ్ ద హ్యామర్స్ రేసు సమయంలో రాత్రిపూట జనం తమ బళ్లతో రాళ్లు ఎక్కుతుంటే వాటి లైట్లూ, చుట్టూ నిలబడ్డవాళ్ల హెడ్‌ల్యాంపులూ తప్ప వేరే వెలుగు ఉండదు.

ఇలాంటి చోట ముందు కారు కన్నా వెనక వచ్చే కారు మీకు ఎక్కువ పనికొస్తుంది. ముందు కారు దుమ్ము లేపుతుంది, వెనక కారు హెడ్‌లైట్లు ఆ దుమ్ములోంచి వెలుగుతాయి. ముందు కారు నల్లటి ఆకారంగా, చుట్టూ వెలుగు అంచుతో కనిపిస్తుంది. రెండు కార్లు దగ్గరదగ్గరగా వచ్చే చోటు వెతకండి. మెల్లగా తిరగాల్సిన మలుపులు, నిటారు ఎక్కుళ్లు, ఇసుకలో దిగబడే చోట్లు. హెడ్‌లైట్లు సూటిగా మీ లెన్స్‌లోకి కాకుండా మీ ముందు నుంచి అడ్డంగా దాటిపోయే కోణం చూసుకోండి. ఎడారి రేసు బళ్ల వెనక నారింజ రంగు డస్ట్ లైట్లు ఉంటాయి. బండి దాటిపోయాక కూడా షట్టర్ నొక్కుతూ ఉంటే ఆ రంగు దుమ్ములో కలిసి వచ్చే ఫొటోలు చాలా బాగుంటాయి. ఎక్కువమంది బండి ముందు భాగం తీసేసి కెమెరా దించేస్తారు, నా దృష్టిలో అది పెద్ద నష్టం.

ఇక గాలి. నిలబడే చోటు ఎంచుకునే ముందు గుప్పెడు మట్టి వదిలి అది ఎటు పోతోందో చూడండి. గాలి మీ వీపుకి తగిలేలా నిలబడితే దుమ్ము అవతలికి పోతుంది, మీ ముందు గాలి శుభ్రంగా ఉంటుంది. రాత్రి ఇంకో చిక్కుంది. పొద్దుగూకాక గాలి తరచు పడిపోతుంది, నేల దగ్గర చల్లబడిన గాలి పైకి లేవదు, దుమ్ము అక్కడే వేలాడుతుంది. 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఇసుక రేణువు కొద్ది సెకన్లలో నేలకి దిగుతుంది. 10 మైక్రాన్ల రేణువు మాత్రం సెకనుకి 8 మిల్లీమీటర్లే కిందకి జారుతుంది. 2 మీటర్ల ఎత్తు నుంచి దిగడానికి దానికి నాలుగు నిమిషాలు పడుతుంది. డాకర్, సఫారీ ర్యాలీల్లో డ్రైవర్లు ఫెష్‌ఫెష్ అని పిలిచే పిండిలాంటి సన్నటి మట్టిలో అయితే ఇంకా ఎక్కువసేపు తేలుతుంది. ర్యాలీల్లో కార్లని కొన్ని నిమిషాల తేడాతో వదులుతారు, దుమ్ము మరీ ఎక్కువైతే ఆ విరామాన్ని పెంచుతారు. కాబట్టి మొదట వచ్చే కార్లే మీకు దొరికే శుభ్రమైన అవకాశం. వాటిని టెస్ట్ షాట్లకి వాడేయకండి. టెస్ట్ షాట్లన్నీ రేసుకి ముందు తిరిగే అధికారుల బళ్ల మీద పూర్తి చేసుకోండి.

ఓవల్ ట్రాకుల్లో పరిస్థితి వేరు. రేసుకి ముందు ట్రాక్‌ని నీళ్లతో తడుపుతారు. మొదటి హీట్లలో (అసలు పోటీకి ముందు జరిగే చిన్న రేసుల్లో) దుమ్ము తక్కువ, మట్టిపెళ్లలు ఎక్కువ. ట్రాక్ ఎండేకొద్దీ దుమ్ము పెరుగుతుంది. సూర్యుడు దిగిన తర్వాత అరగంట వరకు ఆకాశంలో నీలం మిగిలి ఉంటుంది. ఆ కాసేపు దేన్నీ వదలకండి. వెనక నీలం, ముందు హెడ్‌లైట్ల పసుపు, మధ్యలో దుమ్ము: పూర్తిగా చీకటి పడ్డాక ఎంత ఖర్చు పెట్టినా ఈ కలయిక రాదు.

ఫోకస్ విషయానికొద్దాం. ఆటోఫోకస్‌కి పట్టుకోవడానికి స్పష్టమైన అంచు కావాలి. దుమ్ము మేఘానికి అంచే లేదు, హెడ్‌లైటేమో తెల్లగా పేలిపోయి ఉంటుంది. పాపం ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. రాత్రి దుమ్ములో దాన్ని నమ్ముకోవడం కన్నా ముందే ఒక చోటుకి ఫోకస్ చేసి ఉంచడం నాకు ఇష్టం. ట్రాక్ మీద ఒక గుర్తు ఎంచుకోండి: ఒక రాయి, టైరు చాళ్ల మలుపు, ఏదైనా సరే. కార్లు లేనప్పుడు దాని మీద గట్టి టార్చి వేసి ఫోకస్ చేసి, లెన్స్‌ని మాన్యువల్‌కి మార్చి, ఫోకస్ రింగు కదలకుండా టేపు వేయండి. కారు ఆ గుర్తుని చేరే క్షణం కన్నా ఒక పిసరు ముందే నొక్కాలి.

ఇక్కడ కూడా మీ లెన్స్ మీకు కలిసొస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో 200 దగ్గర, 20 మీటర్ల దూరంలో ఎఫ్ 5.6 పెడితే సుమారు 3 మీటర్లకి పైగా లోతు స్పష్టంగా ఉంటుంది. ఎఫ్ 2.8 పెడితే అది సగమవుతుంది. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో మీ వైపు వచ్చే కారు ఆ 3 మీటర్లని సెకనులో ఆరో ఏడో వంతులోనే దాటేస్తుంది. అందుకే ఎదురొచ్చే కారుని ఇలా పట్టుకోవడం కష్టం. అడ్డంగా దాటే కారు మీ నుంచి దాదాపు ఒకే దూరంలో ఉంటుంది కాబట్టి మొదటి రోజుల్లో అలాంటి చోటే చూసుకోండి.

ఆటోఫోకసే వాడాలనుకుంటే దాన్ని షట్టర్ బటన్ నుంచి విడదీసి వెనక బటన్‌కి ఇవ్వండి. ట్రాకింగ్ సెన్సిటివిటీని మధ్యలో ఏదైనా అడ్డొచ్చినా వదలని వైపుకి జరపండి, లేకపోతే ప్రతి దుమ్ము తెరకీ ఫోకస్ ఎగిరిపోతుంది. లెన్స్ మీద ఫోకస్ లిమిట్ స్విచ్ ఉంటే దూరం వైపు పెట్టండి. పాయింటుని హెడ్‌లైట్ మీద కాకుండా తలుపు మీది నంబరు మీదో, విండ్‌స్క్రీన్ అంచు మీదో ఉంచండి.

ఎక్స్‌పోజర్ మొత్తం మాన్యువల్. హెడ్‌లైటో వెలిగిన దుమ్మో ఫ్రేములోకి రాగానే ఆటో మోడ్ భయపడి అంతా చీకటి చేసేస్తుంది. ఫ్లాష్‌తో ఐఎస్ఓ 1600, ఎఫ్ 5.6, 1/200తో మొదలుపెట్టండి. ఫ్లాష్ లేకుండా ఐఎస్ఓ 6400, లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత, 1/60తో ప్యానింగ్, అంటే కారుతోపాటు కెమెరానీ తిప్పుతూ తీయడం. రా (RAW) ఫైల్, అంటే కెమెరా దిద్దని అసలు ఫైల్, తప్పనిసరి. ఫ్లడ్‌లైట్ల కింద ఒక ఫొటో వెలుతురుగా, తర్వాతది చీకటిగా వస్తుంటే అది కరెంటు మినుకు. 50 హెర్ట్జ్ సరఫరాలో లైట్లు సెకనుకి 100 సార్లు, 60 హెర్ట్జ్‌లో 120 సార్లు కొట్టుకుంటాయి. షట్టర్ దానికి తగ్గట్టు 1/50, 1/100 లేదా 1/60, 1/120 దగ్గర పెట్టండి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి.

ప్యానింగ్‌లో ఒక మాట. 1/30 పెట్టి, ఫ్లాష్‌ని రియర్ కర్టెన్ సింక్‌లో ఉంచి తీసి చూడండి. షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలుగుతుంది, కాబట్టి లైట్ల గీతలు కారు వెనక సాగుతాయి. మామూలు సింక్‌లో అవి కారు ముందుకి పొడుచుకొచ్చి, కారు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. ఫ్లాష్ రంగు కూడా మార్చుకోండి. ఉన్నదున్నట్టు వాడితే దుమ్ము బూడిద రంగులో, ప్రాణం లేనట్టు వస్తుంది. లేత నారింజ జెల్ కాగితం ఒకటి ఫ్లాష్ ముందు అంటిస్తే మట్టి మట్టిలా కనిపిస్తుంది. ఫొటోలు దిద్దేటప్పుడు మసకని తగ్గించే డీహేజ్‌ని అతిగా లాగొద్దు. నాయిస్ పైకి లేస్తుంది, కష్టపడి పట్టుకున్న దుమ్మూ పోతుంది.

ఇప్పుడు ఫొటో కన్నా ముఖ్యమైన సంగతి. దుమ్ములో మీకు కారు కనిపించడం లేదంటే డ్రైవర్‌కి మీరూ కనిపించడం లేదు. పగలు కారు దారి తప్పితే పక్కకి దూకడానికి ఒక సెకను దొరుకుతుంది. రాత్రి దుమ్ములో అదీ దొరకదు. మలుపు బయటి వైపు నిలబడొద్దు. పొద్దుండగానే వెళ్లి, మీ వెనక ఏముందో, అవసరమైతే ఎటు పరుగెత్తాలో కాళ్లతో నడిచి చూసుకోండి. వెనక గోడో కంచో గుంతో ఉన్న చోటు ఎంత మంచి కోణమైనా వదిలేయండి. మెరిసే చారలున్న జాకెట్ వేసుకోండి. వ్యూఫైండర్‌లో ఒక కన్ను పెట్టినా రెండోది తెరిచే ఉంచండి. తలకి ఎర్ర వెలుగున్న ల్యాంపు పెట్టుకుంటే సెట్టింగులు మార్చుకోవచ్చు, చీకటికి అలవాటైన మీ చూపూ చెడదు, డ్రైవర్లకీ ఇబ్బంది ఉండదు. మార్షల్ జరగమంటే ఆ ఫొటో వదిలేసి జరగండి. ఎన్95 మాస్క్, కళ్లజోడు లేకుండా వెళ్లొద్దు. సన్నటి ఇసుక ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే అలవాటుంటే ఆ రాత్రికి మామూలు కళ్లద్దాలు పెట్టుకోండి.

మీ లెన్స్ కరకరకి కారణం జూమ్ చేసినప్పుడల్లా దాని గొట్టం ముందుకి సాగుతూ, ముడుచుకుంటూ బయటి గాలిని లోపలికి లాక్కోవడం. గాలితోపాటు దుమ్మూ వెళ్లింది. ఇప్పుడు రింగుని బలవంతంగా తిప్పి సరిచేయాలని చూడకండి, ఇసుక గొట్టాన్ని గీసేస్తుంది. లెన్స్‌ని కిందికి వంచి పట్టుకుని, గొట్టం చుట్టూ రబ్బరు బ్లోవర్‌తో ఊదండి, మెత్తటి బ్రష్‌తో కీళ్ల దగ్గర తుడవండి. ఆ తర్వాత కూడా శబ్దం వస్తే సర్వీసుకి ఇవ్వాల్సిందే. నోటితో ఊదొద్దు, తడి తగిలితే దుమ్ము అంటుకుపోతుంది. డబ్బాలో వచ్చే గాలి కూడా వద్దు, దాంట్లోంచి ద్రవం చిమ్మే ప్రమాదముంది. వచ్చే రేసులో జూమ్‌ని 200 దగ్గర పెట్టి టేపు వేసేయండి. లెన్స్‌కీ కెమెరాకీ కలిపి ఒక ప్లాస్టిక్ కవరు తొడిగి, హుడ్ దగ్గర రబ్బరు బ్యాండు వేస్తే చాలు. ట్రాక్ పక్కన లెన్స్ మార్చడం అనే ఆలోచనే పెట్టుకోవద్దు. ఇంటికొచ్చాక ముందు బ్యాగు బయటి వైపు తడిగుడ్డతో తుడిచి, లోపలి వస్తువులు గది వేడికి వచ్చేదాకా ఆగి అప్పుడు తెరవండి. చల్లటి లెన్స్ మీద తేమ పట్టిందంటే దుమ్ము బురదవుతుంది.

ఫిల్టర్ మీద గీతలు రేసులో పడినవి కాకపోవచ్చు, తుడిచినప్పుడు పడి ఉంటాయి. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7, మామూలు గాజుది 6 లోపు. చొక్కా అంచుతో ఒక్కసారి రుద్దితే చాలు. ఎప్పుడైనా సరే ముందు బ్లోవర్, తర్వాత బ్రష్, రేణువులన్నీ పోయాయని టార్చి వేసి చూసుకున్నాకే గుడ్డ. ఆ పాత ఫిల్టర్‌ని మాత్రం మళ్లీ వాడకండి. పగలు పెద్దగా తెలియని ఆ గీతలు ఎదురుగా హెడ్‌లైట్ పడగానే ఫొటో అంతా తెల్లటి పొరలా పరుచుకుంటాయి. కొత్త ఫిల్టర్ ఉన్నా కూడా హెడ్‌లైట్లు సూటిగా ఫ్రేములోకి వచ్చే చోట దాన్ని తీసేసి హుడ్ మాత్రమే ఉంచండి. లేకపోతే ఆ లైట్ల ఆకుపచ్చటి నకళ్లు ఫ్రేములో ఇంకో మూల తేలతాయి. అడ్డంగా దాటే కార్లు తీసేటప్పుడు మళ్లీ పెట్టుకోండి. తీయడం, పెట్టడం రెండూ ట్రాక్‌కి దూరంగా, గాలికి వీపు తిప్పి చేయండి.

డబ్బు ఖర్చు పెట్టి తీరాలని ఉంటే ఒక రేడియో ట్రిగర్ జత, మాన్యువల్‌గా పవర్ మార్చుకునే ఇంకో ఫ్లాష్ కొనండి. సెకండ్ హ్యాండ్‌వైనా ఫర్వాలేదు. వచ్చే రేసుకి ఉన్న లెన్స్‌తోనే వెళ్లండి. ఫ్లాష్ లేకుండా తీయాల్సిన రేసులే ఎక్కువని తేలితే అప్పుడు ఎఫ్ 2.8 గురించి ఆలోచించవచ్చు.